ఫైల్లో క్లయింట్ తప్పు కనబడింది, బయటపెట్టొచ్చా?

ప్రశ్న: సార్, నేను గుంటూరులో ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్ని. పురుగుమందుల కంపెనీ తరపు కేసు. మందు ప్రమాదమని చెప్పే వాళ్ళ సొంత ల్యాబ్ రిపోర్టే ఫైల్లో ఉంది. సీనియర్ "అది పక్కన పెట్టు" అన్నారు. మైఖేల్ క్లేటన్ సినిమా చూసినప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. బయటపెట్టొచ్చా?

జవాబు: తమ్ముడూ, 2007లో వచ్చిన ఆ సినిమా నేనూ చూశాను, కలుపుమందు కంపెనీ తరపున ఏళ్ళ తరబడి పోరాడిన ఆర్థర్ అనే లాయరు కంపెనీకి ముందే అంతా తెలుసని చెప్పే మెమో దొరికాక ఎదురు తిరిగి కట్టలు కట్టలు కాపీలు తీయిస్తాడు కదా, చూడ్డానికి బానే ఉంటుంది గానీ మన దగ్గర అలా చేస్తే లాయరుగా నీ ఎన్‌రోల్‌మెంటుకే ఎసరు. అమెరికా బార్ అసోసియేషన్ నమూనా రూల్స్‌లో ప్రాణాపాయం ఆపడానికి లాయరు నోరు విప్పొచ్చని ఉంది, మనకి అంత సూటిగా రాసిన వెసులుబాటు లేదు.

మనకున్నది భారతీయ సాక్ష్య అధినియం (కోర్టు సాక్ష్యాల కొత్త చట్టం) 132 సెక్షన్, అంటే పాత ఎవిడెన్స్ యాక్ట్ 126. క్లయింట్ చెప్పిందీ, ఇచ్చిన కాగితాల్లో ఉన్నదీ అతను ఒప్పుకోకుండా బయటికి రాకూడదు, వకాల్తా వదిలేసినా అంతే, గుమాస్తాకి కూడా అంతే. కానీ చట్టవిరుద్ధమైన పని సాగించడానికి చెప్పిన మాటకీ, లాయరు పని మొదలెట్టాక జరిగిన నేరానికీ మోసానికీ ఈ రక్షణ లేదు. అందుకే ముందు తేదీలు చూసుకో. రిపోర్టు మీ దగ్గరికి కేసు రాకముందుదైతే అది రహస్యమే. కానీ ఇప్పుడు "అలాంటి రిపోర్టే లేదు" అని కోర్టులో అఫిడవిట్ వేస్తే అది మీ కళ్ళ ముందు జరిగిన మోసం, దానికి ఈ ముసుగు పనిచేయదు.

రక్షణ లేదంటే వాట్సాప్‌లో పెట్టేయమని కాదు, కోర్టు అడిగినప్పుడు ప్రివిలేజ్, అంటే క్లయింట్ రహస్యం కాబట్టి చెప్పను, అని తప్పించుకోలేవని. (మా జూనియర్లలో సగం మందికి ఈ తేడా తెలీదు.)

"పక్కన పెట్టు" అంటే కోర్టులో వేయొద్దనా, చింపేయమనా, సీనియర్‌నే అడుగు. కోర్టుకి రావాల్సిన కాగితం చింపితే నేరం, చెప్పినాయనకీ చేసినోడికీ. అబద్ధపు అఫిడవిట్ డ్రాఫ్ట్ చేయమంటే చేయనని చెప్పు, వినకపోతే ముందుగా నోటీసిచ్చి వకాల్తాలోంచి నీ పేరు తీయించుకో. ఫోన్లో ఆ రిపోర్టు ఫోటో తీసి ఉంటే మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చేయకు, మీ ఇంట్లో వాళ్ళక్కూడా.