పెట్రోల్ కాక్ కారుతుంటే ముందు చూడాల్సింది

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. యమహా ఆర్ఎక్స్ 100 బండి ట్యాంకు అడుగున ఉండే పెట్రోల్ కాక్, అంటే పెట్రోలు వదిలే కుళాయి, దాని కింద ఇంజిన్ మీద నారింజ రంగు మరక, సెల్లారు నేల మీద తడి బాగానే తెలుస్తున్నాయి. ఎం-సీల్ పెట్టమంటారా, కొత్త కాక్ కొనమంటారా అని అడిగావు. ఇప్పుడే రెండూ వద్దు. కాక్ చూడటానికి ఒకే వస్తువులా ఉంటుంది గానీ దాంట్లో కారే చోట్లు నాలుగైదు ఉన్నాయి. ఎక్కడ కారుతోందో తేలకుండా పానా పట్టుకుంటే బాగున్న చోటు కూడా పాడవుతుంది.

అంతకన్నా ముందు ఈ రాత్రికే చేయాల్సిన పని ఒకటుంది. బండిని ఆ సెల్లారులోంచి బయటికి తీసి ఆరుబయట పెట్టు. నీ ఫొటోలో బండి పక్కనే కరెంటు మీటర్లు కనిపిస్తున్నాయి, నాకు అదే టెన్షన్. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతూ వెళ్లి పల్లంలో నిలబడుతుంది. సెల్లారు అంటేనే పల్లం కదా. మోటారు స్విచ్ వేసినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోలు నుంచి అంటుకునేంత ఆవిరి వస్తుంది, ఇక మన ఎండల సంగతి చెప్పాలా? పని చేసేది కూడా బయటే, పొద్దున్నే, నీడలో. ఇంజిన్ చల్లగా ఉండాలి. పక్కన బకెట్ నిండా ఇసుక పెట్టుకో. మీ అమ్మతో చెప్పు, ఆ కాసేపు తులసికోట దగ్గర దీపం, అగరబత్తి వద్దని.

ఇప్పుడు లీకు పట్టడం. కాక్‌ని, పైపుని, కార్బ్యురేటర్‌ని (పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపేది) పాత కాటన్ బనియన్ గుడ్డతో పొడిగా తుడిచెయ్యి. కాక్ చుట్టూ పౌడరు చల్లి పావుగంట ఆగు. పౌడరు ముందు ఎక్కడ తడుస్తుందో అదే అసలు చోటు. పెట్రోలు కిందికి జారి కొసన చుక్క కడుతుంది కాబట్టి, చుక్క రాలేచోటు చూసి మోసపోకు, తడి మొదలైన చోటు చూడు. ట్యాంకుకీ కాక్‌కీ మధ్య తడిస్తే లోపలి ఓ రింగ్, అంటే గుండ్రటి రబ్బరు చుట్టు, పోయినట్టు. తిప్పే పిడి వెనక నుంచి వస్తే చిల్లుల రబ్బరు వాషర్ అరిగినట్టు. కింద గిన్నె ఉన్న కాక్ అయితే ఆ గిన్నె రింగ్ కూడా చూడాలి. పైపు మొదట్లో తడిస్తే పైపు కొస పగిలి ఉంటుంది. దానికి కాక్ విప్పే పనే లేదు, కొస ఓ అంగుళం కోసి మళ్లీ తొడిగి క్లిప్పు వేస్తే సరి, లేదా కొత్త పైపు కొను.

ఇంకో రకం ఉంది, చాలామంది దీన్ని కాక్ మీదకి నెట్టేస్తారు. కార్బ్యురేటర్ కింద వేలాడే సన్నటి పైపులోంచి పెట్రోలు కారుతుంటే ఫ్లోట్ నీడిల్, అంటే కార్బ్యురేటర్ నిండగానే పెట్రోలుని ఆపే సూది, సరిగ్గా మూయడం లేదని అర్థం. అప్పుడు కాక్‌ని ఆఫ్‌లో పెట్టి చూడు. ఆ కారడం కాసేపటికి ఆగిపోతే కాక్ మంచిదే. ఆఫ్‌లో ఉన్నా ఆగకపోతే కాక్ లోపలి వాషర్ కూడా పోయింది. ఈ రెండూ కలిసి పోవడం ప్రమాదం. నీది టూ స్ట్రోక్ కాబట్టి పెట్రోలు నేరుగా ఇంజిన్ అడుగున ఉండే క్రాంక్ కేసులో చేరి, పొద్దున కిక్కు బరువుగా పడుతుంది, ప్లగ్గు తడిసి ముద్దవుతుంది. మీ మామయ్య స్ప్లెండర్ లాంటి ఫోర్ స్ట్రోక్‌లో అయితే ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే, ఆయిల్ మార్చేదాకా ఆ బండి స్టార్ట్ చేయకూడదని ఆయనకీ చెప్పు.

ఈ రబ్బర్లు ఇప్పుడే ఎందుకు పోతున్నాయో తెలిస్తే ఏం కొనాలో కూడా తెలుస్తుంది. ఆర్ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. అప్పటి రబ్బర్లు, కార్కు వాషర్లు ఉత్త పెట్రోలు కోసం చేసినవి. ఆ తర్వాత పెట్రోల్లో ఇథనాల్ కలపడం మొదలైంది. 2003లో కొన్ని రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలై, 2022కి 10 శాతం, 2025కి 20 శాతం అయింది. ఇథనాల్‌కి పాత రబ్బరు ఉబ్బుతుంది. బండి నెలల తరబడి నిలబడి ఆరిపోతే అదే రబ్బరు కుంచించుకుని గట్టిపడుతుంది. మీ నాన్న బండి షెడ్డులో ఉన్నంతకాలం కారకుండా, నువ్వు బయటికి తీసి ట్యాంకు నింపగానే కారడానికి కారణం ఇదే. పైగా ఇథనాల్ తేమని లాగుతుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకి, అంటే కాక్ దగ్గరికే చేరుతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే.

అందుకని ఓ రింగ్ కొనేటప్పుడు విటాన్ రబ్బరుది అడుగు, ఇథనాల్‌ని అది బాగా తట్టుకుంటుంది. బండి స్పేర్ల షాపులో లేకపోతే బేరింగులు, ఆయిల్ సీళ్లు అమ్మే షాపులో దొరుకుతుంది. నువ్వు సికింద్రాబాద్‌లోనే ఉన్నావు కాబట్టి రాణిగంజ్ వెళ్లు. పాత రింగ్ ఉబ్బి ఉంటుంది, దాని కొలత నమ్మకు. కాక్ మీద గాడి ఉంటుంది చూడు, కాక్‌నే పట్టుకెళ్లి ఆ గాడికి సరిపడేది తీసుకో. చిల్లుల వాషర్ విడిగా దొరక్కపోతే, పిడి వదులైపోతే, అప్పుడు కాక్ మొత్తం మార్చు. డూప్లికేట్ కాక్ కొనేముందు ట్యాంకుకి ఆనే ముఖం చదునుగా ఉందో లేదో గాజు పలక మీద పెట్టి చూసుకో. ఊగితే అక్కడే తిరిగి ఇచ్చెయ్.

విప్పే రోజు, ముందు కాక్ ఆఫ్ చేసి కార్బ్యురేటర్ వైపు పైపు ఊడదియ్యి. ఆ కొసని ఇనప క్యాన్‌లో పెట్టి కాక్‌ని రిజర్వులోకి తిప్పు. ఆన్‌లో పెడితే లోపల నిలబడి ఉన్న గొట్టం ఎత్తు వరకే దిగుతుంది, రిజర్వులో పెడితే అడుగుదాకా వస్తుంది. నీళ్ల బాటిళ్లలో, ప్లాస్టిక్ బకెట్లో పట్టకు. ప్లాస్టిక్ మీద స్టాటిక్ కరెంటు పుడుతుంది, పైగా బాటిల్ చూసి ఇంట్లో ఎవరైనా నీళ్లనుకునే ప్రమాదం ఉంది. రిజర్వులో దిగినా అడుగున కొంచెం మిగులుతుంది, కాబట్టి సీటు తీసి, ట్యాంకు వెనక బోల్టు విప్పి, ట్యాంకుని దించి మూత వైపు నుంచి ఆ మిగిలింది కూడా వంచెయ్యి.

కాక్ రెండు బోల్టులతో ఉంటుంది, కొన్ని బళ్లకి ఒకే పెద్ద నట్టు ఉంటుంది. సరైన రింగు పానా వాడు, కటింగ్ ప్లేయర్ వద్దు. ఆ బోల్టుల కింద ఉండే వాషర్లు చెత్తలో పోకుండా చూసుకో, కొన్ని ట్యాంకుల్లో మర పక్క నుంచి పెట్రోలు రాకుండా ఆపేవి అవే. పిడి పలక స్క్రూలు బిగుసుకుపోయి ఉంటాయి, వాటి తల అరిగిందంటే పని రెట్టింపు. తలకి నిండుగా కూర్చునే స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కి తిప్పాలి. విప్పుతున్నప్పుడు ఏ ముక్క తర్వాత ఏది వచ్చిందో, వంపు వాషర్ ఏ వైపు తిరిగి ఉందో ఫోన్‌లో ఫొటోలు తీస్తూ వెళ్లు, ఫోన్ మాత్రం పెట్రోలుకి దూరంగా పెట్టి.

కాక్ ముఖం మీద గీతలుంటే గాజు పలక మీద 1000 నంబరు వాటర్ పేపర్ (సన్నటి గరుకు కాగితం) పరిచి, చుక్క నూనె వేసి, ఎనిమిది అంకె రాసినట్టు మెల్లగా తిప్పుతూ రుద్దు. పెట్రోలు వడకట్టే లోపలి జాలీని మెత్తటి బ్రష్‌తో కడుగు. చిరిగిన జాలీని మాత్రం తిరిగి పెట్టకు.

ఇప్పుడు మన మెకానిక్‌ల అలవాటు ఒకటి చెప్పాలి. లీకు రాగానే షెల్లాక్ (లక్క బంక) పూయడం ఎప్పటి నుంచో ఉంది. పాత పెట్రోల్లో అది నిలిచేది, ఎందుకంటే షెల్లాక్ పెట్రోల్లో కరగదు. కానీ స్పిరిట్‌లో కరుగుతుంది, ఇథనాల్ అంటే స్పిరిటే. ఇప్పటి పెట్రోల్లో ఆ పూత మెత్తబడి లీకు మళ్లీ వస్తుంది. మామూలు సిలికాన్ బంక కూడా పెట్రోలుకి ఉబ్బి, ముక్కలై, కార్బ్యురేటర్‌లోని సన్నటి రంధ్రం, జెట్టులో అడ్డం పడుతుంది. టెఫ్లాన్ టేపు పీలికలూ అక్కడికే చేరతాయి. ఇవేవీ వద్దు. రబ్బరు మంచిదై, ముఖం చదునుగా ఉంటే బంకతో పనే లేదు. బిగింపు కూడా అంతే. బోల్టులని రెండు వైపులా కొంచెం కొంచెంగా, రబ్బరు నొక్కుకునేంత వరకే బిగించు. అతిగా బిగిస్తే మెత్తటి లోహం వంగుతుంది, అప్పుడు ఏ రింగూ పనిచేయదు.

బిగించాక ట్యాంకు నింపకు. పావు లీటరు పోసి, ఆఫ్, ఆన్, రిజర్వు మూడింట్లోనూ కాసేపు ఉంచి పౌడరు పరీక్ష మళ్లీ చెయ్యి. తర్వాత బయటే కింద న్యూస్ పేపర్ పరిచి రాత్రంతా వదిలెయ్. పేపర్ మీద మరక లేకపోతే ట్యాంకు నింపుకో.

కారేది కాక్ కాదు, ట్యాంకు అడుగు అతుకులో సూది బెజ్జం అని తేలితే మాత్రం ఇక్కడితో ఆపు. తడి బట్టల సబ్బు గట్టిగా రుద్దితే కాసేపు ఆగుతుంది, మెకానిక్ దాకా తీసుకెళ్లేందుకు అంతే. ఎం-సీల్ పెట్రోలు తడి మీద అంటుకోదు. ఎవరైనా వెంటనే వెల్డింగ్ పెడతానంటే ట్యాంకు ఇవ్వకు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కంటే ఘోరంగా పేలుతుంది. ట్యాంకుని పూర్తిగా కడిగి, ఆవిరి పోగొట్టి చేసే రేడియేటర్ పనివాళ్లు ఉంటారు, వాళ్లకే ఇవ్వాలి.

కాక్ తీశాక ఆ బెజ్జంలోంచి టార్చి వేసి ట్యాంకు అడుగు ఫొటో పంపు. గోధుమ రంగు తుప్పు పొర మాత్రమే ఉంటే జాలీ చాలు. పొరలు పొరలుగా లేచి ఉంటే ట్యాంకు లోపల కడగాలి, దానికి నేనే వస్తాను, అంతదాకా కొత్త ఓ రింగ్ బిగించకు.

మీ పెదనాన్న