నడుము కమాను కట్ట కాదు

చిరంజీవి శ్రీనుకు పెద్దనాన్న ఆశీస్సులు.

ఎమ్మారై రిపోర్టులో ‘డీజెనరేటివ్ డిస్క్ డిసీజ్’, అంటే వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు అరగడం, అని చూసి, 34 ఏళ్లకే వెన్ను అరిగిపోయిందని నిన్న ఫోనులో ఏడ్చినంత పని చేశావు. పదిహేనేళ్ల క్రితం నా రిపోర్టులోనూ అదే మాట ఉంది. పేరుకు డిసీజ్ గానీ, అది చాలావరకు జుట్టు నెరవడం లాంటిదే. నడుము నొప్పే లేని మూడు వేల మందికి పైగా స్కాన్లను కలిపి చూస్తే, ఇరవై ఏళ్ల వాళ్లలోనే నూటికి 37 మందికి డిస్కులు అరిగి కనిపించాయి. ఎనభై ఏళ్ల వాళ్లలో 96 మందికి! కాబట్టి మందు నొప్పికి వేసుకోవాలి గానీ రిపోర్టుకు కాదు.

ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి కదా, డిస్కంటే కమాను కట్ట అనుకున్నాను. బండి షెడ్డులో పెడితే కట్ట అరగదని లెక్కవేసి, బెల్టు బిగించుకుని నెల రోజులు మంచం దిగలేదు. లేచేసరికి లుంగీ ముడి నిలవనంతగా కండ కరిగింది, నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఆ తర్వాత ఒక ఫిజియోథెరపీ అమ్మాయి విడమరిచి చెప్పింది. డిస్కు చుట్టూ గట్టి నార, మధ్యలో నీరు పట్టిన జిగురు. దానికి రక్తనాళాలు దాదాపు లేవు. పక్క ఎముకల నుంచి ఊరి వచ్చేదే దాని తిండి. ఒంటికి కదలిక ఉంటేనే అది ఆరోగ్యంగా ఉంటుంది.

రాత్రి పడుకున్నప్పుడు డిస్కు నీరు పీల్చి ఉబ్బుతుంది. అందుకే పొద్దున లేవగానే సాయంత్రం కంటే కాస్త పొడుగ్గా ఉంటాం. ఆ మొదటి గంటలో వంగి బకెట్లు ఎత్తకు. మంచం మీది నుంచి ఒక్క ఉదుటున లేవకు. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి జార్చి, మోచేతి మీద బరువు వేసి లే.

పూటకు పది నిమిషాల నడకతో మొదలుపెట్టి పెంచుకుంటూ పో. కాస్త నొప్పెట్టినా భయపడకు. ఆఫీసులో పెద్ద సీసా మానేసి చిన్న గ్లాసు పెట్టుకో, నీళ్ల కోసమైనా అరగంటకోసారి లేస్తావు. నడుము, పొట్ట కండరాల వ్యాయామాలు ఫిజియో దగ్గర నేర్చుకో, వీడియోలు చూసి కాదు. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పిన నాలుగు రోజులే. నెలల తరబడి మింగితే కడుపూ కిడ్నీలూ దెబ్బతింటాయి. నూనె మర్దన హాయిగా ఉంటుంది, చేయించుకో. నడుము తొక్కి డిస్కు లోపలికి నెడతానన్నవాణ్ణి మాత్రం గడప దాటనివ్వకు. ఇంకో సంగతి, సిగరెట్టు డిస్కుకు అందే ఆ కాస్త తిండినీ తగ్గిస్తుంది. మీ పెద్దమ్మకు తెలియదనుకోకు.

డిస్కు జారి కాలిలోకి నొప్పి లాగినా, ఎక్కువ మందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో సర్దుకుంటుంది. ఆ తర్వాతా తగ్గకపోతేనో, కాలిలో బలం తగ్గుతుంటేనో ఆపరేషన్ మాట. ఉత్త నడుము నొప్పికే ఎముకలు బిగిస్తామంటే ఇంకో డాక్టరును అడుగు. కానీ మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, సైకిలు సీటు ఆనే చోట తిమ్మిరెక్కినా, చెప్పు జారిపోయేంతగా పాదం వాలిపోయినా తెల్లవారేదాకా ఆగకు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లు.

ఆదివారం ఫోను చెయ్యి. కుర్చీలో కూర్చుని కాదు, మేడ మీద తిరుగుతూ మాట్లాడు.

మీ పెద్దనాన్న