పడమటి ఎండ దూరే క్లాస్‌రూము మాత్రం కట్టకండి

వరంగల్‌లో యూనివర్సిటీ క్లాసులకు కొత్త బిల్డింగ్ కడితే, మోడ్రన్‌గా ఉంటూనే కరెంటు తక్కువ తాగేలా ఎలా కట్టాలని అడిగారు. నేను ఆర్కిటెక్ట్‌ని కాను. హనుమకొండలో పద్దెనిమిదేళ్లు పాఠాలు చెప్పాను, అందులో ఆరేళ్లు ఒక అద్దాల బిల్డింగులో ఉడికాను. ఆ అర్హత చాలనుకుంటా.

ఏప్రిల్‌లో ఇంటర్నల్ పరీక్ష. మధ్యాహ్నం మూడు గంటలు, మూడో అంతస్తు, పడమటి గది. ఒక గోడంతా నీలం అద్దమే. కరెంటు పోయింది, ఏసీ ఆగింది. పది నిమిషాలకే అద్దం పక్క వరస పిల్లలు బెంచీలు లోపలికి లాక్కున్నారు. ఎండ జరిగినకొద్దీ వాళ్లూ జరిగారు. కాపీ కొట్టకుండా ఎడంగా కూర్చోబెట్టిన నలభై మందీ చివరికి ఒక మూల కుప్పపడ్డారు. "సార్, పేపర్ చేతికి అతుక్కుంటోంది" అని ఒకమ్మాయి. కిటికీ తీయమంటే అటెండర్ నవ్వాడు: "ఇవి తెరుసుకునేటియి కావు సార్, ఫిక్స్ చేసిండ్రు."

మర్నాడు పిల్లలే అద్దాల మీద చార్టులు, పాత పేపర్లు అంటించారు. అప్పట్నుంచి పట్టపగలు ట్యూబులైట్లు.

మన ఊరు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు ఎండంతా కప్పు మీదే, గోడలకు తగిలేది తక్కువ. సాయంత్రం మాత్రం పడమటి గోడ మీద ఏటవాలుగా దాడి చేస్తాడు, ఎంత సజ్జ వేసినా ఆగడు. కాబట్టి బిల్డింగ్ పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి, క్లాసుల కిటికీలు ఉత్తరానికీ దక్షిణానికీ తెరుచుకోవాలి. పడమటి కొసకు మెట్లు, బాత్రూములు, స్టోర్ రూము తోసేయండి, అవి మాడితే మాడనీ. నైరుతిలో బాత్రూమేంటని వాస్తు గొడవ వస్తుంది, పడండి. కప్పుకు తెల్లటి పూత వేయించండి. దానికోసం 2023లో మన ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది.

గోడల సంగతి. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ బాగా వాడిన పద్ధతి ఒకటుంది, ర్యాట్ ట్రాప్ బాండ్. ఇటుకలను నిలబెట్టి, గోడ మధ్యలో గాలికి ఖాళీ వదులుతారు. దాదాపు పావు వంతు ఇటుకలు మిగులుతాయి, వేడీ నెమ్మదిగా దిగుతుంది. మా ఇంటి పైగది అలాగే కట్టించాను. మేస్త్రీ "గిట్ల కడితే గోడ ఆగుతదా సార్" అని మూడు రోజులు నసిగాడు. గోడ ఆగింది. థర్మామీటర్ పెట్టి చూడలేదు కానీ, ఎండాకాలం మా ఆవిడ మధ్యాహ్నం నిద్ర ఆ గదిలోనే. ఇంతకంటే రుజువేం కావాలి?

కిటికీలు తెరిస్తే కోతులొస్తాయంటారు. నిజమే, మా స్టాఫ్ రూములో ఒకటి నా టిఫిన్ బాక్సు మూత తీసి, పులిహోర తిని, బాక్సు కింద పడేసి పోయింది. జాలీ పెట్టించండి. గేటుకు సిమెంటు కాకతీయ తోరణం పోయడానికి డబ్బుంటుంది గానీ, కిటికీ జాలీకి బడ్జెట్ లేదంటారు!

మొన్న పని మీద ఆ అద్దాల బిల్డింగుకు వెళ్లాను. పాత పేపర్లు తీసేశారు, వాటి చోట ఫ్లెక్సీ కట్టారు. లోపల్నుంచి చూస్తే "అడ్మిషన్లు ప్రారంభం" తిరగేసి కనిపిస్తోంది. లైట్లన్నీ వెలుగుతున్నాయి.