ఇంటర్వ్యూలో ప్రశ్నకు నిలబడే సర్టిఫికెట్ ఒక్కటి చాలు

డిగ్రీ పూర్తయింది, చెప్పుకోదగ్గ ఉద్యోగానుభవం లేదు, ఖర్చు పెట్టగలిగింది తక్కువ. ఈ స్థితిలో ఉచితంగానో చవకగానో దొరికే ఆన్‌లైన్ సర్టిఫికెట్లను నెలకొకటి చొప్పున సంపాదించుకుంటూ పోతే రెజ్యూమె బలపడుతుందా అని మీరు అడిగారు. సర్టిఫికెట్లతో బలపడుతుంది, నెలకొకటి చొప్పున పోగుచేస్తే మాత్రం బలపడదు. ఏళ్ల తరబడి అకౌంట్స్ విభాగంలో పనిచేసి డేటా విశ్లేషణ వైపు మారిన నాకు ఆ దారి తెరిచింది ఇలాంటి సర్టిఫికెట్టే. ఇప్పుడు కొత్తవారిని ఎంపిక చేసే బృందంలో నేనూ కూర్చుంటున్నాను. రెండు వైపుల నుంచీ చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: ఎదుటివారు "ఇది ఎందుకిలా చేశారు?" అని అడిగినప్పుడు మీ చేత మాట్లాడించగలిగిన సర్టిఫికెట్టుకే విలువ ఉంది. మాట్లాడించలేనివి ఎన్ని ఉన్నా అవి పేజీలో చోటును ఆక్రమించడానికే పనికొస్తాయి.

నేను చేసింది కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికపై గూగుల్ అందించే డేటా అనలిటిక్స్ సర్టిఫికెట్. 2021లో మొదలైన ఈ కోర్సు వారానికి పది గంటలు కేటాయిస్తే ఆరు నెలల లోపే పూర్తవుతుందని దాన్ని రూపొందించినవారు చెబుతారు. చివర్లో ఒక ప్రాజెక్టు ఉంటుంది. సైక్లిస్టిక్ అనే కల్పిత సైకిళ్ల అద్దె సంస్థ ఉందనుకొని, దాని వార్షిక సభ్యులకూ అప్పుడప్పుడూ వచ్చి సైకిల్ తీసుకొనేవారికీ వాడకంలో ఉన్న తేడాను తేల్చి చెప్పాలి. సంస్థ కల్పితమే అయినా చేతికిచ్చే డేటా మాత్రం నిజమైనది: షికాగో నగరంలో నడిచే డివ్వీ అద్దె సైకిళ్ల ప్రయాణాల వివరాలు.

ఆ ఫైళ్లు తెరిస్తే లక్షల వరుసలు కనిపిస్తాయి. చాలా వరుసల్లో సైకిల్ ఏ స్టేషన్ నుంచి బయలుదేరిందో, ఏ స్టేషన్‌కు చేరిందో ఉండవలసిన గడి ఖాళీగా ఉంటుంది. కొన్ని ప్రయాణాలైతే మొదలైన సమయం కన్నా ముందే ముగిసినట్టు నమోదై ఉంటాయి. ఇంటర్నెట్‌లో దొరికే పరిష్కారాల్లో చాలా వాటిలో ఖాళీ గడి ఉన్న ప్రతి వరుసనూ ఒకే ఆదేశంతో తొలగించేసి ముందుకు వెళ్లిపోతారు. నాకు అది నచ్చలేదు. పద్దుల్లో ఒక ఎంట్రీ ఖాళీగా కనిపిస్తే దాన్ని కొట్టివేసే ముందు అది ఎందుకు ఖాళీగా ఉందో తెలుసుకోవడం అకౌంట్స్‌లో పనిచేసినవారికి అలవాటు. ఆ అలవాటుతోనే ఆ ఖాళీలను సైకిల్ రకం ప్రకారం విడదీసి చూశాను. నేను తీసుకున్న నెలల్లో అవి దాదాపు అన్నీ విద్యుత్ సైకిళ్ల వరుసల్లోనే తేలాయి. ఆ సైకిళ్లను స్టేషన్‌కు చేర్చకుండా వేరేచోట తాళం వేసి వదిలే వీలుంది కాబట్టి స్టేషన్ పేరు నమోదు కాదు. ఆ వరుసలను తీసేస్తే విద్యుత్ సైకిళ్లు వాడేవారి ప్రయాణాల్లో పెద్ద భాగం లెక్కలోంచి జారిపోతుంది. అందువల్ల ప్రయాణాల వ్యవధిని లెక్కించేటప్పుడు వాటిని ఉంచుకొని, స్టేషన్లవారీగా పటం గీసేటప్పుడు మాత్రమే పక్కన పెట్టాను. ముగింపు సమయం ముందుగా ఉన్న వరుసలను పూర్తిగా తొలగించాను. ఏది ఎందుకు ఉంచానో, ఏది ఎందుకు తీశానో ప్రాజెక్టు మొదట్లోనే కొన్ని వాక్యాల్లో రాసి పెట్టాను.

ఇంటర్వ్యూలో నా ఎదుట కూర్చున్నావిడ రెజ్యూమెలోని సర్టిఫికెట్ లింకును నొక్కి, పేరు సరిపోయిందని చూసి, వెంటనే మూసేశారు. తర్వాత ప్రాజెక్టు లింకును తెరిచి, "ఈ సైకిళ్ల ప్రాజెక్టు మాకు చాలా రెజ్యూమెల్లో కనిపిస్తుందండీ. ఇందులో మీరు సొంతంగా చేసిందేమిటి?" అని సూటిగా అడిగారు. నేను ఖాళీ గడుల సంగతి చెప్పాను. ఆవిడ ముందుకు వంగి, "ఆ వరుసలు తీసేసి ఉంటే ఫలితం మారేదా?" అన్నారు. రెండు విధాలా లెక్క కట్టి చూశానని చెప్పి ఆ పట్టికలను చూపించాను. అక్కడి నుంచి మాట, అకౌంట్స్‌లో పద్దులు సరిపోలనప్పుడు తేడా ఎక్కడుందో ఎలా వెతికేదాన్ననే వైపు మళ్లింది. అంతవరకూ ఈ రంగానికి సంబంధం లేనిదిగా కనిపించిన నా పాత అనుభవం ఆ సంభాషణలో పనికొచ్చే అనుభవంగా మారింది. ఆ ఉద్యోగం నాకు వచ్చింది.

సర్టిఫికెట్ లేకపోతే నా రెజ్యూమె ఆవిడ దాకా చేరేదే కాదని నా గట్టి నమ్మకం, ఎందుకంటే డేటాబేస్‌ల నుంచి సమాచారం రాబట్టే భాష అయిన ఎస్‌క్యూఎల్ అన్న మాట అంతకుముందు అందులో ఎక్కడా లేదు. మొదటి వడపోతలో వెతికే మాటలను రెజ్యూమెలోకి న్యాయంగా తీసుకురావడం సర్టిఫికెట్ చేసే పని. ఆ తర్వాత ఇంటర్వ్యూ గదిలో దానికి దక్కేది ఆ ఒక్క చూపే, మిగిలిన సమయమంతా మీరు చేసిన పనిదే.

అందువల్ల కోర్సును ఎంచుకొనేటప్పుడు పేరు కన్నా ముందు అది మీ చేత ఏం చేయిస్తుందో చూడండి. హార్వర్డ్ వారి కంప్యూటర్ సైన్స్ తొలి కోర్సు సీఎస్50లో ప్రతి వారం కష్టపడి రాయవలసిన ప్రోగ్రాములూ, చివర సొంత ప్రాజెక్టూ ఉంటాయి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికపై ధ్రువీకరించిన సర్టిఫికెట్టుకు రుసుము ఉన్నా, హార్వర్డ్ తన సొంత వేదికపై అదే కోర్సుకు ఉచితంగా సర్టిఫికెట్ ఇస్తుంది. 2014లో మొదలైన, ప్రోగ్రామింగ్ నేర్పే ఫ్రీకోడ్‌క్యాంప్ వెబ్‌సైట్ పూర్తిగా ఉచితం, అక్కడ ప్రాజెక్టులు కట్టి చూపించనిదే సర్టిఫికెట్ రాదు. ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్ సేవలు అందించే క్లౌడ్ రంగమైతే మైక్రోసాఫ్ట్ లెర్న్ అనే శిక్షణ వెబ్‌సైట్‌లో పాఠాలన్నీ ఉచితంగా చదువుకొని, పరీక్షకు మాత్రమే డబ్బు కట్టవచ్చు. కోర్సెరాలో రుసుము భరించలేనివారు ఆర్థిక సహాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ కోర్సు మీకెందుకు అవసరమో అందులో రాయమంటే దాన్ని శ్రద్ధగా రాయండి, ఆ వాక్యాలే తర్వాత ఇంటర్వ్యూలోనూ పనికొస్తాయి.

ఇక్కడ నన్ను నిజంగా బాధపెట్టే విషయం ఒకటి చెప్పాలి. వీడియోను చివరిదాకా నడవనిస్తే చాలు సర్టిఫికెట్ చేతికిచ్చే కోర్సులు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటి పేర్లలో నిపుణత, సంపూర్ణం, వృత్తిస్థాయి లాంటి మాటలు తప్పకుండా ఉంటాయి. ధర తగ్గింపు ఇంకా కొన్ని గంటలే అని గడియారం తిరుగుతూ ఉంటుంది, మర్నాడు చూస్తే అదే గడియారం మళ్లీ మొదటి నుంచి తిరుగుతుంది. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బును ఆ హడావుడిలో వదులుకొనేది ఎక్కువగా మీలాంటి కొత్తవారే. తోటి విద్యార్థులే ఒకరి పనిని ఒకరు దిద్దుకొనే పద్ధతి కూడా చాలాచోట్ల దెబ్బతింది: శ్రమపడి రాసిన నివేదికను ఎవరో తెరవకుండానే పూర్తి మార్కులు వేసి వెళ్లిపోతారు, వ్యాఖ్య ఒక్కటీ రాదు. నేర్చుకొనేవారికి అంతకన్నా అన్యాయం లేదు. అలాంటిచోట మీ పనిని ఆ రంగంలో ఉన్న ఒక మనిషికి పంపి, తప్పులు చూపించమని అడగండి. అడిగితే కాదనేవారు తక్కువ.

పూర్తి చేయడమే గొప్ప అని కొందరు అంటారు, ఆ మాటలో కొంత నిజం ఉంది. 2011లో స్టాన్‌ఫోర్డ్ కోర్సుగా సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధ పాఠాలను ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచినప్పుడు సుమారు 1,60,000 మంది చేరితే చివరిదాకా నిలిచినవారు ఇరవై వేల పైచిలుకు మాత్రమే. ఎడెక్స్‌లో ఎంఐటీ, హార్వర్డ్ కోర్సులను పరిశీలించి 2019లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2017-18లో చేరినవారందరిలో పూర్తి చేసినవారు 3.13 శాతం, ధ్రువీకరించిన సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవారిలో 46 శాతం. కట్టిన డబ్బు మనిషిని కుదురుగా కూర్చోబెడుతుందని నేను దీన్నిబట్టి అర్థం చేసుకుంటాను. అందుకే పాఠాలు ఉచితంగా దొరుకుతున్నా, స్థోమత ఉంటే ఒక్క కోర్సుకు రుసుము కట్టమనే చెబుతాను. నెలకొకటి చొప్పున పరుగెత్తేవారు చివరి ప్రాజెక్టుకు చేరేసరికి అలసిపోయి, ఎవరో చేసిన పరిష్కారాన్నే కొద్దిగా మార్చి సమర్పిస్తారు. అలాంటి పని నాకు రెజ్యూమెల్లో తరచుగా కనిపిస్తుంది, రెండో ప్రశ్నకే ఆ సంభాషణ ఆగిపోతుంది.

రెజ్యూమెలో సర్టిఫికెట్ల జాబితాను పైన పెట్టకండి. ప్రాజెక్టును ముందుంచి, మీరు తేల్చిన విషయాన్ని ఒక వాక్యంలో రాసి, దాని కింద కోర్సు పేరు, పూర్తి చేసిన నెల, పరిశీలించుకొనే లింకు ఇవ్వండి. కోర్సులో అందరికీ ఇచ్చే డేటాతో చేసిన ప్రాజెక్టు ఒకటి ఉంటే, మీకు బాగా తెలిసిన విషయం మీద బహిరంగంగా దొరికే మరో డేటాతో అదే పద్ధతిలో ఇంకొకటి చేసి పక్కన పెట్టండి. నేను చూసే రెజ్యూమెల్లో నా చెయ్యి ఆగేది అలాంటివాటి దగ్గరే. దరఖాస్తు చేస్తున్న ఉద్యోగానికి సంబంధం లేని సర్టిఫికెట్‌ను, ఎంత కష్టపడి సంపాదించినా, ఆ ఒక్క దరఖాస్తుకు తీసేయండి.

గడువుల విషయం కూడా చూసుకోండి. వెబ్‌సైట్ల సందర్శనలను కొలిచే గూగుల్ అనలిటిక్స్ సాధనం మీద ఇచ్చే సర్టిఫికెట్ (నేను చేసిన డేటా అనలిటిక్స్ కోర్సు వేరు) 12 నెలలే చెల్లుతుంది, అమెజాన్ క్లౌడ్ పరీక్షలవి మూడేళ్లు. మైక్రోసాఫ్ట్‌లో ప్రాథమిక స్థాయివాటికి గడువు లేదు, ఉద్యోగ పాత్రలకు సంబంధించినవాటిని ఏడాదికొకసారి ఆన్‌లైన్‌లో ఉచితంగా పునరుద్ధరించుకోవాలి. గడువు ఉన్న పరీక్షను ఇప్పుడే రాసేయకండి. ముందు ప్రాజెక్టు పూర్తి చేసి, దరఖాస్తులు పంపడం మొదలుపెట్టే నెలలో రాయండి.