లినో పోస్టరులో అక్షరాలు పూడిపోతుంటే

మీ లినోకట్ (లినోలియం అనే మెత్తని పలకను చెక్కి, సిరా పూసి అచ్చు వేసే) పోస్టరులో నినాదపు అక్షరాల సందులు సిరాతో పూడిపోతున్నాయనీ, నల్లని భాగంలో మాత్రం తెల్ల చుక్కలు వస్తున్నాయనీ రాశారు. ఈ రెండూ కలిసి కనిపిస్తే చాలామంది సిరా పెంచుతారు. నిజానికి పెంచవలసింది ఒత్తిడి. సిరాను గాజుపలక మీద పలుచగా పరచి, రోలరు కింద సన్నని చిటపట చప్పుడు వినిపించాకే లినోకు పూయండి. పూడిన సందులను పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, మెత్తని కాగితం పరచి, దాని వెనుక చెంచా వీపుతో మధ్య నుంచి అంచుల దాకా గుండ్రంగా, ఓపికగా రుద్దండి. 1937లో మెక్సికో నగరంలో మొదలైన తయేర్ దె గ్రాఫికా పోపులార్ అనే అచ్చుచిత్రాల కార్యశాల కళాకారులు రాజకీయ పోస్టర్లకు లినోలియంను విరివిగా వాడారు. చవకైన ఆ పదార్థానికి సన్నని నగిషీ కన్నా లావాటి గీతే నప్పుతుంది. కాబట్టి నినాదాన్ని కుదించి, ముందుగా పూడిపోయే గుడులనూ వత్తులనూ పెద్దవి చేసి చెక్కండి.