కాదనలేదు అంటే అవునన్నట్టు కాదు

చిన్నీ,

"ఆయన కాదనలేదు మామయ్యా, అంటే నిజమే కదా" అని నీ ఇంజనీర్ గురించి మెసేజ్ పెట్టావు చూడు, దానికి ఫోన్లో రెండు ముక్కలు చెప్తే సరిపోదని ఇలా రాస్తున్నా. నువ్వు రాస్తున్న ఆ కాంట్రాక్టు బిల్లుల స్టోరీ రెండ్రోజులు ఆపు, కొంప మునగదు. ఆదివారం కూర్చుని ఆల్ ది ప్రెసిడెంట్స్ మెన్ చూడు, 1976లో వచ్చింది, రాబర్ట్ రెడ్‌ఫోర్డ్, డస్టిన్ హాఫ్‌మన్ వాషింగ్టన్ పోస్ట్ పేపర్ రిపోర్టర్లుగా ఉంటారు. వాటర్‌గేట్ కథ నీకు క్లాసులో చెప్పే ఉంటారు, 1972 జూన్ 17న వాషింగ్టన్‌లో డెమొక్రాట్ల ఆఫీసులో ఐదుగురు దొరికిపోవడం, 1974 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ దిగిపోవడం, అదంతా పక్కన పెట్టు.

అందరూ కార్ పార్కింగ్ చీకట్లో నిలబడే ఆ డీప్ త్రోట్ అనే రహస్య సోర్సు గురించే మాట్లాడతారు. నువ్వు మాత్రం అతన్ని చూసి మురిసిపోకు. ఆ మనిషి ఎఫ్‌బీఐలో నంబర్ టూ మార్క్ ఫెల్ట్ అని 2005లో బయటపడింది, డైరెక్టర్ హూవర్ పోయాక ఆ కుర్చీ దక్కనివాడు. అలాంటి సోర్సు నీకు దొరికితే ముందు ఇతనికేంటి లాభం అని ఆలోచించాలి.

అసలు చూడాల్సింది నిక్సన్ ఎన్నికల కమిటీ లెక్కలు రాసే బుక్‌కీపర్ ఇంటి సీను. ఆవిడ మాట్లాడనంటుంది, భయం, బయట ఎవరైనా చూస్తున్నారేమో అని. హాఫ్‌మన్ వాదించడు, బెదిరించడు, ఏదో వంకతో లోపల కూలబడతాడు, కాఫీ తాగుతాడు. ఆవిడ డబ్బు తీసుకున్నవాళ్ల పేర్లు చెప్పదు, మొదటి అక్షరాలు మాత్రం చెప్తుంది. అవి పట్టుకుని వీళ్లు మళ్లీ వెళ్తారు, ఎందుకంటే అక్షరం పేరు కాదు కదా.

ఇక నీకు పనికొచ్చేది హాల్డెమన్ సంగతి. నిక్సన్ పక్కనుండే మనిషి, ఆ కమిటీ రహస్య ఫండ్ అతని చేతిలో ఉందని రాయాలి. ఒక లాయర్‌కి ఫోన్ చేసి, నేను పది లెక్కపెడతా, తప్పైతే ఫోన్ పెట్టెయ్ అంటాడు హాఫ్‌మన్, ఆయన పెట్టడు, వీళ్లకి పండగ. తీరా చూస్తే ఆయన ఆ మాట ఇంకోలా అర్థం చేసుకున్నాడు! అటు ఆ కమిటీ కోశాధికారిగా చేసిన స్లోన్, కేసు పెట్టాలా వద్దా తేల్చే గ్రాండ్ జ్యూరీ ముందు హాల్డెమన్ పేరు చెప్పాడని పేపర్లో వేశారు, తెల్లారేసరికి స్లోన్ లాయర్ అలా చెప్పనేలేదని ఖండించాడు. తమాషా ఏంటంటే హాల్డెమన్ చేతిలో ఫండ్ ఉన్నది నిజమే, కానీ స్లోన్‌ని జ్యూరీ ఆ ప్రశ్న అడగలేదంతే. ఒక్క చిన్న ముక్క తప్పు, మొత్తం స్టోరీ అబద్ధం అని వైట్ హౌస్ వాళ్లు ఎక్కేశారు.

కాబట్టి నీ ఇంజనీర్‌కి మళ్లీ ఫోన్ చేసి, ఫలానా తేదీన ఫలానా బిల్లు మీద సంతకం మీదేనా అని సూటిగా అడుగు. నవ్వి ఊరుకుంటే ఊరుకున్నాడనే రాసుకో, ఒప్పుకున్నాడని రాయకు. ఆ బిల్లు జిరాక్స్ నీ చేతికి రావాలి, దాన్ని చూసిన రెండో మనిషి, మొదటివాడి స్నేహితుడు కానివాడు, ఒకడు కావాలి. మీ డెస్క్ వాళ్లు గొణుగుతారు, గొణగనీ.

సినిమాలో పేర్లు మాత్రం వరదలా వస్తాయి, ఎవరెవరో కలిసిపోతారు, కాగితం పెట్టుకుని రాసుకుంటూ చూడు, సబ్‌టైటిల్స్ పెట్టుకో, ఫోన్లో మాత్రం చూడకు.

మీ మామయ్య