బార్బడోస్ హోటల్లో "వెజ్జా?" అని అడగకు

ప్రశ్న: అన్నయ్యా, మెడిసిన్ చదవడానికి బార్బడోస్ వచ్చాను. పిజ్జాలు తిని తిని విసుగొచ్చింది. ఇక్కడివాళ్లు తినే చిన్న హోటళ్లకు వెళ్దామంటే నేను శాకాహారిని, నా రూమ్మేట్ బీఫ్, పోర్క్ ముట్టడు. ఏం అడగాలి, ఎలా అడగాలి?

జవాబు: తమ్ముడూ, 2019లో రాస్ మెడికల్ యూనివర్సిటీ డొమినికా దీవి నుంచి ఇక్కడికి మారినప్పటి నుంచి ఈ ప్రశ్న నాకు తరచూ వస్తూనే ఉంది.

లోపల అడుగుపెట్టగానే బోర్డు వైపు చూడకు. ముందు "గుడ్ ఆఫ్టర్‌నూన్" అను, కౌంటర్లో ఉన్నావిడకే కాదు, వరసలో నిల్చున్నవాళ్లకూ వినబడేలా. పలకరింపు లేకుండా "ఏముంది? ఎంత?" అని మొదలుపెడితే ఇక్కడ అది పొగరు కింద లెక్క. "సర్వీసు బాగాలేదు" అని మనవాళ్లు చెప్పే ఫిర్యాదుల్లో సగం ఈ ఒక్క మాట ఎగ్గొట్టినందుకు వచ్చినవేనని నా అనుమానం.

ఇక అసలు సంగతి. "ఇది వెజ్జా?" అని మాత్రం అడగకు. ప్లేటులో ముక్క కనబడకపోతే వెజ్ అనే చెప్పేస్తారు. అబద్ధమాడటం కాదు, వాళ్ల లెక్క అది. ఉదాహరణకు రైస్ అండ్ పీస్ తీసుకో. అందులో ఎక్కువగా పడేవి మన కందులే. చూడగానే ప్రాణం లేచొస్తుంది. కానీ చాలా వంటిళ్లలో రుచి కోసం ఉప్పులో ఊరేసిన పంది తోక ముక్కలు ఆ అన్నంలోనే ఉడుకుతాయి. నీ ప్లేటులో ముక్క పడకపోయినా ఆ రసం మెతుకు మెతుక్కీ పట్టి ఉంటుంది. అందుకే "దేంతో వండారు? పిగ్‌టెయిల్ గానీ, సాల్ట్ మీట్ గానీ వేశారా?" అని అడుగు. సూటిగా అడిగితే సూటిగా చెబుతారు, ఏమీ అనుకోరు. నీ రూమ్మేట్‌కీ ఇదే ప్రశ్న పనికొస్తుంది.

మాకరోనీ పై ప్రతి చోటా ఉంటుంది. చీజు, పాస్తా కలిపి బేక్ చేసి ముక్కలుగా కోసిస్తారు. గుడ్డు కలిపే ఇళ్లూ ఉన్నాయి, నువ్వు గుడ్డు తినకపోతే అడిగి తీసుకో. కూకూ అయితే మన సంగటి లాంటిదే, కాకపోతే మొక్కజొన్న పిండిని బెండకాయలు ఉడికిన నీళ్లలో కలియబెట్టి చేస్తారు. ఇది బార్బడోస్ జాతీయ వంటకంలో సగం. మిగతా సగం ఫ్లయింగ్ ఫిష్. కూకూ మీద పోసే గ్రేవీ చేపలదే అయి ఉంటుంది కాబట్టి, "నో గ్రేవీ" అని గరిటె లేవకముందే చెప్పాలి. పైగా ఇది రోజూ దొరకదు, ఎక్కువగా శుక్రవారం, శనివారం వండుతారు.

రూమ్మేట్‌కి రెండు హెచ్చరికలు. శనివారం బోర్డు మీద "పుడ్డింగ్ అండ్ సౌస్" అని కనిపిస్తే అది స్వీటు కాదు. సౌస్ అంటే నిమ్మరసం, కీరా, మిరపకాయలతో ఊరబెట్టిన పంది మాంసం. పుడ్డింగ్ చిలగడదుంపతో చేసేదే అయినా, పాత పద్ధతిలో దాన్ని పంది పేగులోకి కూరి ఆవిరి మీద ఉడికిస్తారు. రెండోది, మెనూలో "డాల్ఫిన్" అని ఉంటే కంగారుపడక్కర్లేదు. అది మాహీమాహీ అనే చేప. శుక్రవారం రాత్రి దక్షిణ తీరంలోని జాలర్ల ఊరు ఆయిస్టిన్స్‌లో బొగ్గుల మీద కాల్చి ఇస్తారు, అతను తప్పకుండా తినాలి. నువ్వు కూడా వెళ్లు, పాటలకీ జనానికీ. తిండి మాత్రం ముందే తినేసి వెళ్లు.

నీకు అసలైన దిక్కు రాస్టాలు (రాస్తఫారీ మతస్థులు) నడిపే ఐటల్ బడ్డీలు, అంటే వాళ్ల మత నియమాల ప్రకారం వండే చిన్న కొట్లు. వాళ్లు మాంసం ముట్టరు, ఉప్పు కూడా చాలామంది వెయ్యరు. పప్పులు, గుమ్మడి, ఆకుకూరలు కొబ్బరిపాలతో వండుతారు. చప్పగా అనిపిస్తే బల్ల మీద పసుపురంగు పెప్పర్ సాస్ సీసా ఉంటుంది. ఆవాల ముద్ద, పసుపు, బానెట్ మిరపకాయలు కలిపి చేసింది. "ఆంధ్రావాణ్ణి, నాకేం కారం" అని ధారగా పోసుకోకు. మన గుంటూరు మిరపకాయ దాని ముందు చిన్నపిల్ల. చెంచా చివరతో మొదలుపెట్టు. నిప్పుల మీద కాల్చిన సీమపనస అమ్మే బండ్లు కూడా ఉన్నాయి. పైన వేసేది చేపా, మాంసమా, కూరగాయలా అని నువ్వే ఎంచుకోవచ్చు.

తాగడానికి మాబీ ఇస్తారు, చెట్టు బెరడు కాచి చేసింది. చేదు. నాకు నచ్చదు, నీకు నచ్చొచ్చు. డిసెంబరులో సోరెల్ మాత్రం వదులుకోకు. అది మన గోంగూర జాతి మొక్క కాయల ఎర్ర తొడుగులతో, అల్లం, లవంగం వేసి చేస్తారు. రమ్ కలిపేవాళ్లూ ఉన్నారు, అడిగి తీసుకో. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. సీసాలు కొని డబ్బు తగలేయకు.

డబ్బు సంగతికొస్తే, ఒక అమెరికన్ డాలరుకి రెండు బార్బడోస్ డాలర్లు. 1975 నుంచీ ఇదే రేటు. బోర్డు మీద 25 అని చూసి గుండె పట్టుకోకు, స్థానిక డాలర్లయితే అది పన్నెండున్నర అమెరికన్ డాలర్లే. అమెరికన్ నోటు ఇచ్చినా తీసుకుంటారు, చిల్లర మాత్రం స్థానిక డబ్బులో వస్తుంది. టూరిస్టులు వచ్చే పెద్ద రెస్టారెంట్లలో బిల్లు మీద సర్వీస్ ఛార్జీ కలిపి ఉంటుంది, చూసుకుని టిప్పు ఇవ్వు. రమ్ షాపుల్లో (మందూ తిండీ దొరికే చిన్న కొట్లు), మధ్యాహ్నం భోజనం పొట్లాలు కట్టిచ్చే చోట టిప్పు ఎవరూ ఆశించరు.

బీచ్ నుంచి తడి బట్టలతో హోటల్లోకి రాకు. మిలిటరీవాళ్ల మచ్చల డిజైన్ (కామోఫ్లాజ్) చొక్కా గానీ ప్యాంటు గానీ అసలు వేసుకోకు. ఇక్కడ అది చట్టవిరుద్ధం, చిన్నపిల్లలు వేసుకున్నా సరే.

భోజనానికి పన్నెండుకల్లా వెళ్లు. రెండు దాటితే మిగిలేది చికెనే. ఆదివారం చిన్న హోటళ్లు చాలావరకు మూసే ఉంటాయి, ఆ రోజు అందరూ ఇంట్లోనే వండుకుంటారు. శనివారం పొద్దున్నే బ్రిడ్జ్‌టౌన్‌లోని చీప్‌సైడ్ మార్కెట్‌కి వెళ్లి బెండకాయలు, గుమ్మడి తెచ్చి పెట్టుకో. కందుల సీజన్ అయితే అక్కడే పచ్చి కందులు కూడా దొరుకుతాయి.